ద్రాక్షతోట రైతులు - సొంత ఆసవశాల

పంట పండించువా డొకడు, దానికి వెల కట్టువాడు మరియొకడు. ఈ దుస్థితి మన రైతులకు క్రొత్తది కాదు. చిత్తూరు ప్రాంతమున తోతాపురి మామిడి పండించు రైతు, గుజ్జు తీయు కర్మాగారములవారు ఏ ధర పలుకుదురో యని ప్రతి వేసవియందును ఎదురుచూచుచుండును. మదనపల్లి సీమలో టమాట రైతు అంగడికి బండి తోలుకొనిపోయి, కూలి డబ్బులు కూడ రాని దినమున సరకును రోడ్డుపై పారబోసి వచ్చుట మన మెరుగుదుము. వడ్లు, కందులు, వేరుసెనగలు కొన్నాళ్లు కొట్టులో నిలుచును. ధర లేనిచో రైతు ఓర్చి యుండవచ్చును. పండు అట్లు కాదు. సరకు ఎంత త్వరగా చెడునో, కొనువాని బలము అంత హెచ్చును. అమ్మువాని బలము అంత తగ్గును.

అట్టి సరకులలో ద్రాక్ష యొకటి. పండిన ద్రాక్ష కొద్ది దినములలో అమ్ముడుపోవలయును. అకాలవర్షము కురిసిన గెలలు పగిలి కుళ్లును. అయితే ఆ ద్రాక్షనే పిండి, రసమును పులియబెట్టి ఆసవము చేసినచో అది నెలలే గాక సంవత్సరములు నిలుచును. ఈ యొక్క కారణముచేతనే అనేక దేశములలో ద్రాక్షతోటలవారు, ‘మన పండ్లను మనమే ఆసవము చేసికొనిన నేమి?’ అని యోచించి, తమ తోటలోనే చిన్న ఆసవశాలలను నెలకొల్పుకొనిరి. జనులు వాడుకలో వైనరీ యనునది ఇదియే. కొందరు బాగుపడిరి, కొందరు అప్పులపాలైరి. బాగుపడినవా రెట్లు బాగుపడిరి, చెడినవా రెచ్చట చెడిరి అని విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. మద్యపానమును పొగడుట మా తలంపు గాదు. ద్రాక్ష పండింపని రైతులకును ఇందలి లెక్క ఉపయోగపడునని మా నమ్మకము.

ఒక కుటుంబపు కథ

అమెరికాదేశమున కాలిఫోర్నియా రాష్ట్రములోని మోడెస్టో పట్టణము చెంత గాలో అను ఇటాలియను కుటుంబమువారు ద్రాక్షతోటలు సాగుచేయుచుండిరి. 1920 మొదలు 1933 వరకు ఆ దేశమున మద్యనిషేధము అమలులో నుండెను. ఆసవశాలలు మూతపడెను గాని తోటలు ఎండిపోలేదు. ఇంటి వాడుకకై కుటుంబ మొకటికి సంవత్సరమునకు 200 గాలనుల వరకు పండ్లరసము చేసికొనుటకు వీలుండుటచే, తూర్పున నున్న మహానగరముల యందలి జనులు ద్రాక్షను రైలుబండ్లపై తెప్పించుకొని ఇంటనే పులియబెట్టుకొనుచుండిరి. గాలో కుటుంబమువారును పండ్లను పెట్టెల కెత్తి, మంచుతో చల్లబరచిన రైలుపెట్టెలలో షికాగో నగరమునకు పంపి అచ్చటి రైలుయార్డులలో అమ్ముచుండిరి.

ఈ వ్యాపారపు కష్టము మన రైతులు సులభముగా గ్రహింపగలరు. నిషేధపు తొలి సంవత్సరములలో ద్రాక్ష ధర ఒక్కసారి పైకెగసెను. దానిని జూచి అందరును క్రొత్తతోటలు నాటిరి. ఆ తోటలు కాపుకు వచ్చునప్పటికి సరకు పొంగిపొరలి ధర పడిపోయెను. వేలకొలది మైళ్లు పోయిన పండు యార్డులో నిలిచిపోయిన, రైలు కిరాయి రైతు తలమీదనే పడుచుండెను. దూరపు అంగడిలో పచ్చిసరకు చేతబట్టుకొని నిలుచుండుట యెట్టిదో ఆ కుటుంబపు కుమారులైన ఎర్నెస్టు, జూలియోలు చిన్ననాటనే నేర్చిరి.

1933 జూనులో వారి తల్లిదండ్రు లిద్దరును దుర్మరణము నొందిరి. ఆ సంవత్సరము డిసెంబరు 5వ తేదీన మద్యనిషేధము రద్దయ్యెను. అది రద్దు కానున్నదని ముందే గ్రహించి, ఇరువదియైదేండ్లయినను నిండని ఆ సోదరులు సొంత ఆసవశాల పెట్ట సంకల్పించిరి. వారి చేతనున్న మూలధనము ఆరువేల డాలర్లకు లోపు. అందు ఐదువేలు ఎర్నెస్టు అత్తగా రిచ్చిన అప్పు. కట్టడము అద్దెకు తీసికొన్న గిడ్డంగి. పండ్లు నలుపు యంత్రమును, కొయ్యతొట్లను అరువుపై తెచ్చిరి. చుట్టుపట్ల రైతులను పిలిచి, ‘మీ పండ్లు మాకిండు, ఆసవ మమ్మిన పిదప లాభములో వంతు పంచుకొందము’ అని ఒడంబడిక చేసికొనిరి. ఈ చివరి మాట చదువరులు జ్ఞాపకముంచుకొనవలయును. రొక్కము లేనిచోట వారు నమ్మకమును పెట్టుబడిగా పెట్టిరి.

వారికి తోట పని తెలియును గాని, అమ్మకమునకై పెద్ద యెత్తున ఆసవము చేయు పద్ధతి తెలియదు. పదుమూడేండ్ల నిషేధముచే ఆ విద్య తెలిసినవారు అరుదైరి. మోడెస్టో గ్రంథాలయపు నేలమాళిగలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు నిషేధమునకు పూర్వము ప్రకటించిన చిన్న పుస్తకములు వారికి దొరకెను. రసమును పులియబెట్టు విధము, పాత్రలను శుభ్రపరచు విధము వానినుండియే నేర్చిరి. ఆ సంవత్సరము తొందరపడి రంగమున దిగిన పలువుర ఆసవము చెడి పుల్లనై పారబోయవలసి వచ్చెను. ఈ సోదరుల సరకు శుభ్రముగా నుండెను. ఎర్నెస్టు స్వయముగా షికాగోకు పోయి గాలను 50 సెంట్ల చొప్పున తొలి సరకును అమ్మెను. చాలకాలమువరకు వారు సరకును పీపాలతోనే ఇతర వర్తకుల కమ్ముచుండిరి. తమ పేరి చీటీతో సీసాలలో నింపి అమ్ముట 1940లో గాని మొదలు కాలేదు. ఆ సంస్థ నేటికిని ఆ కుటుంబముదే; ప్రపంచములోని మిక్కిలి పెద్ద ఆసవ సంస్థలలో నొకటి.

ఈ కథ చదివి, ‘ఆరువేలతో మొదలిడి అంతవారగుట యెంత సులభము!’ అని యెవరును భ్రమపడరాదు. నిషేధము తొలగిన నాడు దేశమంతయు సరకునకై కాచియుండెను. చేయువారు కొలదిగా నుండిరి. అట్టి అదను మాటిమాటికి రాదు. వారి చరిత్రలో మనము నేర్వదగినవి వేరు: తెలియని విద్యను పుస్తకము చూచి యైనను నేర్చుట, శుభ్రత పాటించుట, సరకు సిద్ధము కాకముందే కొనువానిని వెదకుట, మొదట చిన్న బేరములతో తృప్తిపడుట.

ఆసవ మెట్లగును?

ద్రాక్షాసవమను మాట మన వైద్యులకు క్రొత్తది కాదు. పండ్లరసమును కుండలో బోసి మూతిగట్టి కొన్నాళ్లు ఉంచి చేయు ఆ మందు పులియుటచేతనే సిద్ధమగును. ఆసవశాలలో జరుగునదియు మూలమున నిదియే. సారాయివలె దీనిని మరగబెట్టి ఆవిరి దింపరు. ఈస్టు అను కంటి కగపడని సూక్ష్మజీవి ద్రాక్షరసములోని చక్కెరను తిని, దానిని ఆల్కహాలుగను బొగ్గుపులుసు వాయువుగను మార్చును. లీటరు రసములో సుమారు 17 గ్రాముల చక్కెర యున్న నూటికొక పాలు ఆల్కహాలు పుట్టును. కావున నూటికి 12 పాళ్ల ఆసవము కావలెనన్న లీటరు రసములో 204 గ్రాముల చక్కెర యుండవలయును.

దీనినిబట్టి కోత దినము నిర్ణయించుటయే మొదటి విద్య యని తేలుచున్నది. గెల రంగు చూచియు, రుచి చూచియు మాత్రమే కోయరాదు. రసపు చుక్కను అద్దముపై వేసి చక్కెర పాలు చూపు చిన్న సాధనము గలదు. దానితో ప్రతి మడిలోను పరీక్షింపవలయును. చక్కెర చాలనిచో ఆసవము పలుచనై నిలువదు. పండు మిక్కిలి ముదిరినచో పులుపు చచ్చి ఆసవము చప్పనగును, చెడుటకును తావిచ్చును.

తెల్ల ఆసవమునకు పండ్లను పిండి తొక్కలు తీసివేసి రసమును మాత్రమే పులియబెట్టుదురు. ఎర్ర ఆసవమునకు తొక్కలతోనే పులియబెట్టుదురు. రంగును వగరును తొక్కనుండియే వచ్చును. పులియునపుడు తొక్కలు పైకి తేలి గట్టి కప్పువలె నేర్పడును. దానిని దినమునకు రెండు మూడు సార్లు క్రిందికి అదుమవలయును. లేనిచో పైభాగ మెండి చెడును. ఒక టన్ను పండ్లనుండి ఆరు నుండి ఏడువందల లీటర్ల వరకు ఆసవము వచ్చును. మిగిలిన పిప్పి తోటకు ఎరువగును.

ఇందు మూడు శత్రువులు గలవు. మొదటిది వేడి. పులియు రసము తనంత తానే వేడెక్కును. ఎర్ర ఆసవమునకు 30 డిగ్రీల లోపు, తెల్లదానికి ఇంకను తక్కువ వేడిమి తగియుండును. 35 డిగ్రీలు మించిన ఈస్టు నీరసించి పని నడుమ ఆగిపోవును. చక్కెర మిగిలిన రసములో చెడు క్రిములు చేరును. దక్కనులో ద్రాక్ష ఫిబ్రవరి, మార్చి నెలలలో కోతకు వచ్చును. అప్పటికే ఎండలు ముదురును. కావున చల్లబరచు యంత్రము, దానిని విడువక నడపు విద్యుచ్ఛక్తి మన దేశమున తప్పనిసరి ఖర్చులు. చలిదేశపు రైతునకు గాలి ఊరక చేసిపెట్టు పనికి మన రైతు సొమ్ము చెల్లింపవలయును.

రెండవ శత్రువు గాలి. ఆసవమునకు గాలి తగిలిన సిర్కా చేయు క్రిమి దానిని పులుపెక్కించును. పందొమ్మిదవ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాస్టరు, ఆసవము చెడుట ఎవరి దిష్టివలనను గాదనియు ఈ సూక్ష్మజీవులవలననే యనియు నిరూపించి 1866లో గ్రంథము వెలువరించెను. తొట్టిని అంచువరకు నింపి యుంచుట, మితముగా గంధకపు మందు వాడుట, గొట్టములను తొట్లను ప్రతిసారియు కడుగుట దీనికి విరుగుళ్లు. ఆసవశాలలో పని యెక్కువ భాగము కడుగుటయే యని అనుభవజ్ఞు లందురు.

మూడవ శత్రువు మనుష్యుని ప్రాణముమీదికే వచ్చును. లీటరు రసము పులియునపుడు ఏబది లీటర్లకు పైగా బొగ్గుపులుసు వాయువు పుట్టును. దానికి రంగు లేదు, గాలికంటె బరువైనదగుటచే తొట్టి అడుగునను పల్లపు గదులలోను నిలుచును. ఖాళీ తొట్టిలో పిప్పి ఎత్తుటకు దిగినవాడు ఊపిరాడక పడిపోవును. వానిని లాగుటకు దిగినవాడును పడిపోవును. పాడుబావిలో దిగుటకు ముందు దీపము దించి చూచు వాడుక మనవారి కున్నది. కాని దీపము ఆరనంతమాత్రాన అపాయము లేదని నమ్మరాదు. గాలిని యంత్రముతో తోలి, కొలుచు సాధనముతో పరీక్షించి, నడుమునకు త్రాడు గట్టి, వెలుపల మనుష్యుని నిలిపిన పిదపనే దిగవలయును.

సొమ్ము ఎచ్చట చిక్కుకొనును?

చేయు విద్య నేర్చుట కష్టమైనను అసాధ్యము గాదు. పెక్కు కుటుంబములను ముంచినది విద్య కాదు, లెక్క. ఒక కుటుంబము పది టన్నుల పండ్లతో మొదలిడిన దనుకొందము. ఆరు నుండి ఏడువేల లీటర్ల ఆసవము వచ్చును. ముప్పాతిక లీటరు సీసాలలో నింపిన ఎనిమిదివేలకు పైగా సీసాలు కావలెను. అన్ని సీసాలు, అన్ని బిరడాలు, అన్ని చీటీలు, అన్ని అట్టపెట్టెలు ముందుగా రొక్క మిచ్చి కొనవలయును. తోట ఖర్చు, కోత కూలి అంతకుముందే అయినవి. అదే పండును పచ్చిగా అమ్మియున్నచో ఆ నెలలోనే డబ్బు చేతికి వచ్చెడిది. ఇప్పుడు తెల్ల ఆసవము అమ్మకమునకు వచ్చుటకు కొన్ని నెలలు, ఎర్ర ఆసవమునకు ఏడాదియో అంతకు మించియో పట్టును.

ఈలోగా రెండవ పంట కోతకు వచ్చును. మొదటి సంవత్సరపు సరకు ఇంకను తొట్లలోనే యున్నది. క్రొత్తరసమునకు క్రొత్తతొట్లు కావలెను. మొదటి సంవత్సరపు అప్పునకు వడ్డీ పెరుగుచున్నది. రెండవ సంవత్సరపు ఖర్చునకు అప్పు కావలెను. ఈ యిరుకును ముందుగా తెలియక, కట్టడమునకును యంత్రములకును ఉన్న సొమ్మంతయు పెట్టి, నడుపుటకు చేత పైస లేక నిలిచిపోయిన ఆసవశాలలే హెచ్చు. గోడలు లేచినంతమాత్రాన వ్యాపారము లేచినట్లు కాదు. రెండు పంటల ఖర్చును అమ్మక మేమియు లేకయే భరింపగల శక్తి యుండిననే ఈ పనికి పూనుకొనవలయును.

మరియొక చిక్కు పండ్ల జాతిలో గలదు. తినుటకు పెంచు ద్రాక్ష వేరు, ఆసవమునకు పెంచు ద్రాక్ష వేరు. పూర్వము హైదరాబాదు పరిసరములలో పేరొందిన అనాబ్-ఎ-షాహి, నేడు మహారాష్ట్రమున విరివిగా పండు థామ్సన్ గింజలేని ద్రాక్ష - ఇవి తినుటకు శ్రేష్ఠములు. ఆసవమునకు షిరాజ్, కాబెర్నే, షెనిన్ బ్లాంక్ మొదలగు జాతులను పెంచుదురు. వీని గింజలు హెచ్చు, పండ్లు చిన్నవి, తొక్క మందము. బజారులో తినుటకు ఎవ్వరును కొనరు. కావున ఆసవపు జాతులను నాటిన రైతునకు రెండవ అంగడి లేదు. ఆసవశాల తలుపు మూసిన దినమున ఆ పంటకు గతి లేదు.

తుదకు చట్టమొకటి. అనుమతి లేక ఆసవము చేసి యమ్ముట నేరము. మన దేశమున మద్యమును గూర్చిన అధికారము రాష్ట్రముల చేతిలో నున్నది. ఒక రాష్ట్రమున చేసిన సరకును వేరొక రాష్ట్రమున అమ్మవలెనన్న అచ్చటి అనుమతులు, అచ్చటి రుసుములు వేరుగా నుండును. విధానములు మారుచుండును. ఆంధ్రప్రదేశమున 1995లో సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చి, 1997లో సడలింపబడుట చదువరులు కన్నదే. ముప్పదేండ్ల తోటను, ఏ సంవత్సరమునకైనను మారగల ఆజ్ఞపై ఆధారపడి నాటుచున్నామని రైతు మరువరాదు.

నాసికా ప్రాంతపు అనుభవము

పై మాటలకు మన పొరుగుననే నిదర్శనము గలదు. మహారాష్ట్ర ప్రభుత్వమువారు 2001లో ద్రాక్షను ఆసవముగ మార్చు పరిశ్రమను ప్రోత్సహించుటకై ప్రత్యేక విధానము ప్రకటించిరి. సుంకములో రాయితీ లిచ్చిరి. నాసిక జిల్లా వించూరులోను, సాంగ్లీ జిల్లా పలూసులోను ఇందుకై పారిశ్రామిక వాడలు నేర్పరచిరి. తినుద్రాక్షలో ఎన్నియో ఏండ్ల అనుభవముగల రైతు కుటుంబములు దీనిని మంచి అదనుగా తలచెను. పలువురు తోటలో కొంత భాగమున ఆసవపు జాతులను నాటిరి. కొందరు బ్యాంకుల యప్పుతో చిన్న ఆసవశాలలు కట్టిరి. కొన్ని ఏండ్లు అమ్మకము వేగముగా పెరిగెను.

2008లో ప్రపంచమంతట వ్యాపారము మందగించెను. ఆ నవంబరులో బొంబాయి నగరమున ఉగ్రవాదుల దాడి జరిగి హోటళ్లకు వచ్చువారు తగ్గిరి. ఆసవపు అమ్మకము ఒక్కసారిగా పడిపోయెను. ఆసవశాలలలో తొట్లు నిండియున్నవి; తోటలలో క్రొత్తపంట సిద్ధముగా నున్నది. తొట్టి ఖాళీ లేనివాడు పండ్లు కొనజాలడు. ఒప్పందమున్నను కొనువాడు చేతులెత్తెను. అనేకులు చెట్లను పెరికివేసి మరల తినుద్రాక్షను నాటుకొనిరి. చిన్న ఆసవశాలలు కొన్ని మూతపడెను; కొన్ని పెద్ద సంస్థలకు కూలికి ఆసవము చేసియిచ్చుచు నిలిచెను.

ఇచ్చట రైతుల సాగునేర్పులో లోపము లేదు. పండ్లు బాగుగనే పండెను. లోపమంతయు ఒక్కచోటనే యున్నది. చేయుట అందరును నేర్చిరి గాని, అమ్ముట కొందరికే తెలిసెను. సొంత అంగడిగలవారు, తోటకే అతిథులను రప్పించి అచ్చటనే సరకు అమ్ముకొన్నవారు తట్టుకొనిరి. పండించినంత మాత్రాన ఎవరో వచ్చి కొందురని నమ్మినవారు పచ్చిపండు అమ్మిననాటి స్థితికే మరల వచ్చిరి. పైగా అప్పొకటి మిగిలెను.

ఒక్కొక్కరుగనా, కూడియా?

సహకార సంఘ సభ్యులకు ఈ ప్రశ్న సహజముగా తోచును: ఒక కుటుంబము మోయలేని బరువును నలువది కుటుంబములు కూడి మోయలేవా? దీనికి సమాధానము జర్మనీ దేశపు ఆర్ నదీ లోయలో దొరకును. అచ్చట మైషోస్ గ్రామమున 1868లో 18 మంది ద్రాక్ష రైతులు కూడి ఆసవ సహకార సంఘ మేర్పరచిరి. ప్రపంచమున ఇట్టివానిలో మిగుల ప్రాచీనముగా దానిని పేర్కొందురు. ఆ కాలముననే, ఆ దేశముననే రైఫైజన్ గారు గ్రామ పరపతి సంఘములను స్థాపించుచుండిరి. ఆ సంఘములను పరిశీలించుటకే మదరాసు ప్రభుత్వమువారు ఫ్రెడరిక్ నికల్సన్ గారిని ఐరోపాకు పంపిరి. ఆయన సమర్పించిన నివేదికలు 1904వ సంవత్సరపు సహకార చట్టమునకు త్రోవ చూపెను. కావున మన గ్రామ సంఘమునకును, ఆ ద్రాక్ష రైతుల సంఘమునకును పుట్టినిల్లు ఒక్కటే యనవచ్చును.

ఫ్రాన్సు దక్షిణ భాగమున మరోసాన్ గ్రామ రైతులు 1901లో సంఘముగా కూడిరి. వారు ముందుగా చేసికొన్నది కట్టడము గాదు, అంగడి. పారిసు నగరమున కార్మికుల వినియోగ సహకార సంఘములు గలవు. ఆ సంఘములకే నేరుగా సరకు పంప నేర్పాటు చేసికొనిరి. పండించువాని సంఘము, వాడుకొనువాని సంఘము ఒకటితో నొకటి బేరమాడుటచే నడుమ దళారి లేకపోయెను. ఉమ్మడి ఆసవశాల కట్టడము 1905లో సిద్ధమయ్యెను. అంగడి ముందు, గోడలు తరువాత - ఈ వరుసను మనము గుర్తింపవలయును. 1907లో ఆ సీమయందంతట ఆసవపు ధర పడిపోయి లక్షలకొలది రైతులు వీథులకెక్కి ఆందోళన చేసిరి. ఆ కష్టకాలము తరువాత ఆ ప్రాంతమున సహకార ఆసవశాలలు గ్రామగ్రామమున వెలసెను.

ఉమ్మడి ఆసవశాల నడుచు తీరు సంగ్రహముగా నిది. కోతనాడు సభ్యుడు తెచ్చిన పండ్లను తూచుదురు. వెంటనే రసములోని చక్కెర పాలును పరీక్షించి చిట్టాలో వ్రాయుదురు. బయానాగా కొంత సొమ్ము అప్పుడే యిత్తురు. ఆసవ మమ్ముడుపోయినకొలది మిగిలినది వాయిదాలుగా పంచుదురు. యంత్రము, చల్లబరచు సాధనము, చదివిన ఆసవకారుని జీతము అందరిపై పడుటచే ఒక్కొక్కరికి భారము స్వల్పమగును.

అయితే సంఘమున్నంత మాత్రాన అంతయు చక్కబడునని మేము చెప్పజాలము. దానికిని ఒక తెగులు గలదు. బజారు ధర హెచ్చుగానున్న యేట సభ్యుడు మంచి గెలలను రహస్యముగా బయట నమ్మి, నాసి పండ్లను సంఘమునకు తోలును. అందరును అట్లు చేసిన సంఘపు ఆసవము నాసియగును, పేరు పోవును, ధర పోవును. దీనికి అనుభవముపై కనుగొన్న మందులు రెండు. ఒకటి, సభ్యుడు తన పండ్లన్నియు సంఘమునకే యీయవలెనను కట్టుబాటు. రెండు, తూకమునకు మాత్రమే గాక పండు నాణ్యమునకు తగినట్లు ధర కట్టుట. మంచి పండు తెచ్చినవానికిని కుళ్లు పండు తెచ్చినవానికిని ఒక్కటే ధర యిచ్చు సంఘము ధర్మము చేయుచున్నట్లు కనబడును గాని మంచి రైతును శిక్షించుచున్నది. మన పాల సంఘములు వెన్న పాలు చూచి ధర యిచ్చుట ఈ న్యాయముననే.

మన గ్రామములకు పనికివచ్చునది

మన సభ్యులలో ద్రాక్ష పండించువారు కొలదిమందియే. కాని మామిడి తాండ్ర, గుజ్జు, బెల్లము, నూనె, పచ్చళ్లు, పసుపు పొడి - ఏ సరకునైనను తామే తయారుచేసి యమ్మదలచిన కుటుంబమునకు పై అనుభవములు దారి చూపును. వానిని క్రోడీకరించి చెప్పుదుము.

1. మొదట కొనువానిని వెదకుము. పిదప యంత్రము కొనుము. ఎవరికి, ఎంత, ఏ ధరకు అమ్మెదవో కాగితముపై వ్రాయలేనిచో పని మొదలిడకుము.

2. పంటలో కొంత భాగముతోనే పరీక్షింపుము. మిగిలినది పాతపద్ధతిని అమ్ముచుండుము. రెండు కాళ్లును ఒక్కసారిగా నీటిలో పెట్టరాదు.

3. కట్టడమునకు పెట్టు ప్రతి రూపాయికిని, నడుపుటకు వేరొక రూపాయి నిలువచేసికొనుము. సరకు నిలువ యున్నంతకాలము వడ్డీయు నడుచుచునే యుండును.

4. నాటు జాతికి రెండవ అంగడి గలదా యని విచారించుము. లేనిచో కొనువానితో వ్రాతపూర్వకమైన ఒప్పందము గావలయును. అతడు తప్పిన ఏమి చేయవలెనో కూడ ముందే తలచియుండవలయును.

5. శుభ్రత, కొలత, లెక్క - ఈ మూడింటిని ఇంటివారిలో ఒక్కొక్కరు బాధ్యతగా వహింపవలయును. లెక్క వ్రాయువారు ఇంటి ఆడువారైనచో మరింత మేలు. ఇంటి ఖర్చు వ్యాపారములో కలిసిపోవుటను వారే ముందు కనిపెట్టుదురు.

6. ఖరీదైన యంత్రములను నలుగురు కూడి కొనుడు. ఎవరి సరకు వారిదిగానే యుంచుకొనినను యంత్రము ఉమ్మడిది కావచ్చును. సంఘమునకు ఇది తొలిమెట్టు.

2021 జూలైలో ఆర్ నదికి మహావరద వచ్చి ఆ లోయయందలి ఆసవశాలలు నీట మునిగెను. మైషోస్ సంఘమునకును గొప్ప నష్టము కలిగెను. పొరుగు సీమల ద్రాక్ష రైతులు తమ యంత్రములతో వచ్చి బురద నెత్తిరి, తోటపని చేసిపెట్టిరి. బురద పట్టిన సీసాలను కడుగకయే అమ్మి సహాయనిధి కూర్చిరి. ఒంటరి కుటుంబమునకు అట్టి యాపద వచ్చియుండిన ఒక రాత్రిలోనే తరముల కష్టము కొట్టుకొనిపోయెడిది.

సొంతముగా సరకు తయారుచేసికొనుట రైతునకు గౌరవకరమైన పని. కాని అది వ్యవసాయమునకు కొనసాగింపు గాదు, వేరొక వృత్తి. నాగలి పట్టిన చేయి త్రాసు పట్టుటకును, కలము పట్టుటకును నేర్వవలయును. అది నేర్చిన కుటుంబము తన పంటకు తానే వెల చెప్పగలదు. ఒంటరిగా నేర్చుట కష్టమనిపించినచో సంఘపు తలుపు తెరచియే యున్నది. సభ్యులు వచ్చి తమ యాలోచనలను సర్వసభ్య సమావేశమున చర్చింపవలసినదిగా కోరుచున్నాము.